ఎదురొచ్చిన అల్లుళ్ళు

మా మేనత్త నా స్కూటీ వెనక కూర్చుంటే నాకు హారన్‌తో పనుండేది కాదు. కల్లూరు నుంచి రాయచూరు మార్కెట్‌కు వెళ్ళే దారిలో, డివైడర్ చుట్టి రావడానికి బద్ధకించి ఎదురుగా దూసుకొచ్చే బండ్లను చూస్తే నాకు ఒళ్ళు మండేది. అత్తకు మాత్రం పెండ్లి గుర్తొచ్చేది. మా వైపు పెండ్లికొడుకు ఊరి పొలిమేర చేరగానే ఆడపిల్లవాళ్ళు ఎదురెళ్ళి, బొట్టు పెట్టి పిలుచుకొస్తారు. అదే ఎదురుకోలు.

అత్త బండి ఆపించి, కొంగున కట్టుకున్న కుంకుమ పొట్లం విప్పేది.

"రా అల్లుడా! ఎదురుకోలుకు మేమే వస్తుంటిమి గదా, నీకు గింత తొందరేంది?"

కుర్రాళ్ళు సిగ్గుపడి, నొసట బొట్టుతో బండి వెనక్కి తిప్పేవాళ్ళు.

ఒకనాడు అట్లా ఎదురొచ్చినవాడు ట్రాఫిక్ పోలీసు. అంతకుముందు నెలే హెల్మెట్ లేదని నాకు జరిమానా వేసినాయన!

"అత్తా, పోలీసాయన. వద్దు" అని గొణిగాను.

"అయితే ఏంది? ఎదురొస్తే అల్లుడే" అంటూ దిగింది. బొట్టు పెట్టడానికి అడ్డం కూడా లేదు. ఆయన నెత్తిన హెల్మెట్ లేదు మరి.

ఆయన నొసటి బొట్టు తడుముకుని, పకపకా నవ్వేశాడు. "ఆయ్తు అత్తె, ఆయ్తు" అని కన్నడంలో ఒప్పుకుని బండి తిప్పాడు.

సాయంత్రం తిరిగొస్తుంటే చౌరస్తాలో ఆయనే మమ్మల్ని ఆపాడు. ఇప్పుడు హెల్మెట్ ఉంది, దాని కింద కుంకుమా ఉంది. నా నెత్తిన హెల్మెట్ చూసి తలూపి, వెనక కూర్చున్న అత్త వైపు వంగాడు.

"అత్తమ్మా, నీదేది?"

అంత నోరున్న మా అత్త, అల్లుడి ముందు కొత్త అత్తలా, గబగబా కొంగు నెత్తి మీదికి లాక్కుంది.