నేను పీకిన నారు

నా చిన్నప్పుడు రోజూ పొద్దున తొమ్మిదింటికి మా అమ్మ నాకు అమ్మ కాకుండా పోయేది. సాయంత్రం గంట కొట్టాక మళ్ళీ అమ్మ అయ్యేది. మధ్యలో ఆవిడ టీచరుగారు. మా ఊరి చర్చి ఆవరణలో, పెంకుల వరండాలో, బడికి ఇంకా వయసు రాని పిల్లల కోసం ఒక చిన్న తరగతి ఉండేది. దాన్ని నడిపేది మా అమ్మే. నాకు ఐదేళ్ళు రాగానే నన్నూ తీసుకెళ్ళి అందులో కూర్చోబెట్టింది. మొదటి రోజు వాకిట్లో చెప్పులేసుకుంటూనే చెప్పింది, గేటు దాటాక నన్ను అమ్మా అని పిలవకూడదు, అందరిలాగే టీచరుగారండీ అనాలి అని. నేను సరేనన్నాను. ఐదేళ్ళ పిల్ల సరేనంటే దానికి విలువేముంది, నా మొహం.

ఆ వారంలోనే ఒకసారి పరీక్షించి చూశాను. ఆవిడ అటు తిరిగి గోడకి బొమ్మ అంటిస్తోంది. నేను వెనక నుంచి అమ్మా అన్నాను. తిరగలేదు. ఇంకోసారి అన్నాను, ఇంకా గట్టిగా ఇంకోసారి అన్నాను. ఆవిడ బొమ్మ మూలలు నొక్కుతూనే ఉంది. చివరికి ఏడుపు గొంతుతో టీచరుగారండీ అంటే అప్పుడు తిరిగి, ఏంటమ్మా అంది. ఆ అనడం కూడా అందరు పిల్లలనీ అన్నట్టే అంది. ఆ రోజు నాకు కలిగిన ఉక్రోషం ఇంతా అంతా కాదు.

అయినా సర్దుకున్నాను. ఎందుకంటే ఆ తరగతిలో అన్నిట్లో ముందుండేది నేనే. ఇప్పుడు ప్లేస్కూళ్ళలో నెలకో థీమ్ అని పెట్టి దానికి బోలెడు సరంజామా కొంటున్నారు. మా అమ్మకి ఆ మాట తెలియదు గానీ చేసింది మాత్రం అదే. ఒక వారమంతా చేపలు. చేపలమ్మే ఆవిడ దగ్గర పొలుసులు అడిగి తెచ్చి, కడిగి ఎండబెట్టి, మాచేత మట్టిచేపలు చేయించి వాటికి ఒక్కొక్క పొలుసూ గుచ్చించింది. లెక్కపెట్టడం మేము ఆ పొలుసులతోనే నేర్చుకున్నాం. మా చేతులు వారం రోజులు నీచు వాసన కొట్టాయి. ఇంకో వారం పడవలు. కొబ్బరి డొక్కలకి బాదం ఆకుల తెరచాపలు పెట్టి పక్కనున్న పంటకాలువలో వదిలాం. నా చేపకే పొలుసులు ఎక్కువ, నా పడవే దూరం వెళ్ళింది. టీచరుగారి అమ్మాయిని కదా, మిగతా పిల్లలు నాకు దారిచ్చేవారు. అమ్మ లేకపోయినా ఆ దర్జా ఒకటి దక్కిందిలే అనుకునేదాన్ని.

తొలకరి వానలు పడి ఊళ్ళో నారుమళ్ళు పోస్తున్న రోజుల్లో అమ్మ వరి పాఠం మొదలుపెట్టింది. పగిలిన కుండల అడుగులు ఏరి తెచ్చి తలా ఒకటి ఇచ్చింది. కాలువగట్టు బురద తెచ్చి వాటిలో నింపుకున్నాం. గుప్పెడు గుప్పెడు వడ్లు నానబెట్టి, తడి గోనెగుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చేదాకా ఉంచాం. మావైపు దాన్ని మండె కట్టడం అంటారు. మూట విప్పితే ప్రతి గింజకీ తెల్లటి ముక్కు వచ్చి ఉంది. మొలకల్ని బురద మీద చల్లి, ఎవరి కుండపెంకు వాళ్ళు వరండా అంచున పెట్టుకున్నాం. ఇందులోనూ నేనే ముందుంటానని నాకు అనుమానమే లేదు.

అప్పుడు లేచింది ఆ పిల్ల. వరండా చివర స్తంభానికి అతుక్కుని కూర్చునేది. వాళ్ళమ్మ పొలం పనులకి వెళ్ళేది. అప్పటిదాకా ఆ పిల్ల నోట్లోంచి మాట రావడం నేను విన్నది లేదు. వరి అనేసరికి దానికి ఎక్కడలేని ప్రాణం వచ్చింది. నీళ్ళు నిలవ ఉంచకూడదంటుంది, సాయంత్రం వంచేయాలంటుంది, ఎండెక్కాక మళ్ళీ పెట్టాలంటుంది. టీచరుగారికి పాఠం చెప్పేది అదన్నమాట. మా అమ్మ పైగా తలూపుతూ, ఆయ్, అలాగా, మరి ఇప్పుడేం చేద్దాం అని దాన్నే అడిగేది.

నా పెంకు సంగతి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. మొలిచిందా లేదా అని రోజుకి నాలుగుసార్లు వేలుపెట్టి కెలికాను. ఆ పిల్ల వంచేయమంది కాబట్టి పంతానికి ఇంకో చెంబుడు నీళ్ళు పోశాను. సగం గింజలు కుళ్ళిపోయాయి. మిగిలినవాటికి పసుపు పచ్చగా నాలుగు పోచలు లేచాయి. ఆ పిల్ల పెంకులో మాత్రం దుప్పటి పరిచినట్టు పచ్చగా, ఒత్తుగా, జానెడు నారు. అమ్మ దాన్ని అందరి ముందూ నిలబెట్టి ఎలా పెంచిందో చెప్పించింది. చెబుతున్నంతసేపూ దాని తల మీద చెయ్యి వేసి ఉంచింది. ఆ చెయ్యి నాది. పొద్దున నాకు జడలు వేసిన చెయ్యి. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, అది ఎలా ఉంటుందో నాకు ఐదేళ్ళకే తెలుసు.

అయినా నారు పీకేంత పని ఆ రోజు చేయలేదు. చేసింది ఇంకో వారం తర్వాత. అమ్మ వరండా ఈ చివర నా పెంకు దగ్గరే కూర్చుని ఏదో చూస్తోంది. ఆ చివర నుంచి ఆ పిల్ల తన నారు మీదే ధ్యాసంతా పెట్టుకుని, తల ఎత్తకుండానే, "అమ్మా, ఇటు రావే" అంది.

 పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆ పిల్ల బురద చేత్తో నోరు మూసుకుంది. టీచరుగారండీ అని దిద్దుకుంటుందని, దిద్దుకునేదాకా అమ్మ ఆగుతుందని నేను చూస్తున్నాను. అమ్మ ఆగలేదు. "వస్తన్నానే, ఉండు" అంటూ లేచి, నా పక్క నుంచే, చీర కుచ్చిళ్ళు నాకు తగిలేలా నడిచి వెళ్ళింది.

నేను మూడుసార్లు పిలిస్తే పలకలేదు. అది ఒక్కసారి పిలిస్తే పలికింది. అదీ మా ఇంట్లో నాతో మాట్లాడే మాటతో. మా అమ్మ ఇంక నాది కాదు, దానిదైపోయింది, ఇంటికి కూడా దాన్నే తీసుకెళ్తుంది అని నాకు గట్టిగా అనిపించింది. నవ్వొస్తుందేమో మీకు. నేను మాత్రం ఆ పిల్ల పెంకు వంకే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం అందరూ రవ్వ ఉప్మా కోసం వెనకవైపు వరసకట్టారు. నేను వరండాలోనే ఆగిపోయాను. ఆ పిల్ల పెంకు ముందు కూర్చుని, పిడికిలి నిండా పట్టుకుని, నారంతా పీకేశాను. ఒక్క పోచ కూడా మిగల్చలేదు. పీకింది పీకినట్టు నేల మీద కుప్పపోసి, చేతులు గౌనుకి తుడుచుకుని వెళ్ళి వరసలో నిలబడ్డాను. చుట్టూ అంతా వరి పండే ఊళ్ళో పుట్టి, ఐదేళ్ళు వచ్చినా, మడిలో కాలు పెట్టి ఎరుగను. పీకేస్తే చచ్చిపోతుందనే అనుకున్నాను. తిరిగొచ్చి అది ఏడిస్తే చూడాలని ఉప్మా గబగబా మింగాను.

అది వచ్చింది. చూసింది. ఏడవలేదు. గొంతుక్కూర్చుని, పోచల్ని గుప్పిట్లోకి తీసుకుని, పాదానికేసి కొట్టి వాటి వేళ్ళకున్న బురద దులిపింది. వేళ్ళన్నీ ఒక వరసకి సర్ది, గడ్డిపరకతో కట్ట కట్టి, నీళ్ళ చెంబులో నిలబెట్టింది. పెద్దవాళ్ళు చేసే పని ఆ బుల్లి చేతులు చేస్తుంటే మేమంతా నోళ్ళు తెరుచుకుని చూశాం. అప్పుడు సంతోషంగా తలెత్తి చెప్పింది.

"ఎవరో నారు తీసేసేరండి, టీచరుగారండీ. ఇంక ఊడ్చేయొచ్చండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చేసిన చెడ్డపని కూడా దానికే కలిసొచ్చింది! ఎదిగిన నారు పీకకపోతే, దాన్ని మడిలో నాటే ఊడ్పులే ఉండవట. అమ్మ ఆ కట్ట వంక చూసింది. తర్వాత ఒక్కొక్క పిల్ల చేతుల వంకా చూస్తూ వచ్చి నా దగ్గర ఆగింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఆవిడ ముందుకి వెళ్ళిపోయింది. చర్చి నూతి దగ్గర నీళ్ళు నిలిచే చోట చాపంత జాగా మాచేత తొక్కించి బురద చేయించింది. మేమంతా చుట్టూ చేరాక నింపాదిగా అంది, "నారు తీసినవాళ్ళే మడిలోకి ముందు దిగాలి. ఎవరు తీసేరో రండి."

ఎవరూ కదల్లేదు. నాకేమో లోపల పెద్ద గలాటా. ఒప్పుకుంటే తన్నులు. ఒప్పుకోకపోతే ఆ పిల్ల ఒక్కతే దిగుతుంది, అమ్మ దాన్నే చూస్తూ నిలబడుతుంది. రెండోది నేను భరించలేకపోయాను. అంతే తప్ప నిజం చెప్పాలన్న బుద్ధి ఏ కోశానా లేదు. నేనేనండి అని ముందుకొచ్చాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ కూడా కొట్టింది, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ. జన్మలో నాకు దక్కిన మెప్పుల్లో అంత చేదుగా ఉన్నది ఇంకోటి లేదు.

మడిలో ఆ పిల్ల నా పక్కనే వంగుంది. నేను తీసిన నారు చూసి, వేళ్ళు తెగకుండా బానే తీసేవే అని మెచ్చుకుంది. మూడు వేళ్ళతో ఎలా పట్టుకోవాలో, వెనక్కి ఎలా అడుగెయ్యాలో చూపించింది. నేను కసిగా గుచ్చుతుంటే, అంత లోతుకి పెట్టకే, ఊపిరాడదు దానికి అంది. ఇంక ఉండబట్టలేక దాని చెవిలో చెప్పేశాను, నీ మీద కోపంతోనే పీకేశాను అని. అది వంగినది వంగినట్టే ఉండి నాకేసి చూసింది.

"మా అమ్మ కూడా కోపంగానే తీస్తాదే. నడుం లాగేస్తాదంట."

అంతే. మళ్ళీ నాటుకుంటూ పోయింది. 

సాయంత్రం ఇంటి దగ్గర నూతిగట్టు మీద కూర్చోబెట్టి అమ్మ ఈనెపుల్లతో నా గోళ్ళలో మట్టి తీసింది. ఎప్పుడు తిడుతుందా అని చూశాను. తిట్టలేదు. చివరికి నేనే ఏడుస్తూ అడిగేశాను, అది పిలిస్తే పలికేవు, నేను పిలిస్తే ఎందుకు పలకవు అని. అమ్మ పుల్ల పక్కన పెట్టింది. ఊడ్పుల రోజుల్లో ఆ పిల్ల తల్లి ఇది నిద్ర లేవకముందే పొరుగూరు పనికి వెళ్ళిపోతుందని, ఇది పడుకున్నాక వస్తుందని చెప్పింది. అమ్మా అని పిలిచి ఎన్నాళ్ళయిందో దానికి, అంది. నాకు జాలేమీ కలగలేదు. అయితే వాళ్ళమ్మొచ్చాక పిలుచుకోమను అన్నాను. అప్పుడు అమ్మ నా గెడ్డం పట్టుకుని ఎత్తింది.

"దానికి పలకడం నాకేం కష్టం కాలేదే. నీకు పలక్కుండా ఉండడమే కష్టం. నువ్వు అమ్మా అన్నప్పుడల్లా నా మెడ దానంతటదే తిరగబోతుంది. పట్టి ఆపుకుంటాను. ఒక్కసారి తిరిగేనంటే, నేను నీ ఒక్కదాని అమ్మనేనని అక్కడున్న పిల్లలందరికీ తెలిసిపోద్ది."

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మర్నాడు కూడా ఆ పిల్లని చూస్తే నాకు మంటగానే ఉంది. కానీ అమ్మ అటు తిరిగి బొమ్మ అంటిస్తున్నప్పుడు మెల్లిగా, ఎవరికీ వినపడకుండా అమ్మా అన్నాను. ఆవిడ తిరగలేదు. చేతిలో బొమ్మ మాత్రం ఒక్కసారి ఆగింది. నాకు అది చాలింది.

ఇప్పుడు నాకు మనవరాలు ఉంది. కాకినాడలో ప్లేస్కూలుకి వెళ్తుంది. మొన్న వాళ్ళ బడిలో తాతలకీ అమ్మమ్మలకీ ఏదో పండగ చేస్తే ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను. అది వాళ్ళ మిస్ కొంగు పట్టుకుని కాగితం పువ్వులు అతికిస్తూ నావైపు కన్నెత్తి చూడలేదు. ఆ మిస్‌కి నిండా పాతికేళ్ళు ఉండవు. ఎంత మంటెత్తిందో చెప్పలేను. ఈ వయసులో ఇదేం బుద్ధి అంటారా, ఓర్వలేనితనానికి వయసు అడ్డం కాదండీ. నావాళ్ళెవరైనా పదిమందిలో నావైపు తిరక్కపోతే నాకు ఇప్పటికీ ముందు కడుపు మండుతుంది. ఆ తర్వాతే వాళ్ళ మెడ వంక చూస్తాను. కొన్నిసార్లు అది కొద్దిగా కదిలి ఆగుతుంది. కొన్నిసార్లు అసలు కదలదు. కదలనప్పుడు కూడా, గట్టిగా పట్టి ఆపుకుంటున్నారు కాబోలు అనుకుని, పిలవకుండా కూర్చుంటాను.