షీట్ వెనక రంగు

ఆ శనివారం ఒక పెద్దావిడను ప్రూఫ్ అడగడం నా తప్పు.

వై2కె కంప్యూటర్ పనికి సిడ్నీ వచ్చిన కొత్తలో, ఒక పాత సూపర్‌హీరో కార్టూన్ చరిత్ర మీద వెబ్‌సైట్ నడిపేవాణ్ణి. అక్కడి వెస్ట్‌మీడ్‌లో మా పక్క ఫ్లాట్ హైదరాబాద్ ఆంటీ మా టీవీలో ఆ హీరో ఎగరగానే, కుంచె పట్టినట్టు వేళ్లు ముడిచి గాలిలో కదిపేవారు. ఆ శనివారం అలాగే కదుపుతూ అన్నారు:

“ఆ ఎర్ర రంగు నేనే వేసిన బేటా. ఈడి సిడ్నీ స్టూడియోల, బొమ్మ గీసిన ప్లాస్టిక్ షీట్ వెనకకెల్లి. నీ సైట్‌ల నా పేరు పెట్టవా?”

“క్రెడిట్స్‌లో మీ పేరు లేదు కదా ఆంటీ. ప్రూఫ్ ఉండాలి.”

“వెనక రంగేసినోళ్ల పేర్లు ముందట ఎట్ల పడ్తయ్?” అని నవ్వారు. ఆ తర్వాత ఎప్పుడూ వేళ్లు కదపలేదు.

ఆమె చనిపోయాక, వాళ్ల కూతురిని ఆంటీ పూర్తి పేరు అడిగాను. అప్పటిదాకా నాకు తెలియదు. సైట్‌లో అన్ని పేర్లకంటే ముందు దాన్నే రాశాను. ప్రూఫ్ ఏదని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ వేళ్లను చూశానని జవాబిస్తాను.