అరగని బూటు ముక్కు

చెప్పులు, బూట్లు కుట్టే పెద్దకోడలు, తన తోడికోడలి కూతుర్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేది. పిల్లలిద్దరూ ఒకే సాఫ్ట్‌బాల్ జట్టు. బంతి విసిరేది మాత్రం ఎప్పుడూ ఆ పొడుగుకాళ్ళ కొక్కిరాయే. తన కూతురు బుజ్జేమో బెంచీ మీద కూర్చుని నీళ్ళ సీసాలు అందిస్తుంది. బుజ్జి ఒక్కసారైనా మధ్యలో నిలబడి బంతి విసరాలి, అదే ఆవిడ కోరిక. "మా పిల్ల విసురు చూశావా అక్కా" అని తోడికోడలు మురిసినప్పుడల్లా సూదిని తోలులోకి కసిగా గుచ్చేది.

ఫైనల్‌కి ముందు కొక్కిరాయి బూటు అడుగు ఊడి, కుట్టడానికి ఆవిడ కొట్టుకు వచ్చింది. పెద్దకోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. బంతి విసిరే పిల్ల వెనక కాలు నేలకు రాసుకుంటూ ముందుకు రావాలి. ఆ కాలు ఎత్తి ముందుకు వేసి, అక్కణ్ణుంచి మళ్ళీ తన్నుకుని విసిరితే ఆ బంతి చెల్లదు. నేలకు రాసే కాలికి బూటు ముక్కే ముందు అరగాలి. ఈ ముక్కు చూస్తే నిగనిగలాడుతోంది.

'దొరికావే' అనుకుంది. బుజ్జి బూటు ముక్కూ అలాగే ఉంటుంది గానీ, బెంచీ మీద కూర్చునే పిల్లకు ఏం అరుగుతుంది?

ఆట మొదలవకముందే అంపైర్ దగ్గరకు వెళ్ళి గొంతు తగ్గించి, "ఆ పొడుగు పిల్ల వెనక కాలు కాస్త కనిపెట్టండి సార్" అంది.

అంపైర్ కనిపెట్టాడు. చెల్లదంటూ చేయి చాచాడు. కాసేపటికి మళ్ళీ చాచాడు. ఎదుటి జట్టుకు ఊరికే లాభం కలిసొస్తుంటే కోచ్ విసిగిపోయి కొక్కిరాయిని తప్పించి బుజ్జిని పంపాడు. పెద్దకోడలి కడుపు చల్లబడింది.

బుజ్జి విసిరింది. అంపైర్ చేయి మళ్ళీ లేచింది.

"ఇదెక్కడి చోద్యం, దీనికేం పుట్టింది?" అంది పెద్దకోడలు.

"ఏముందక్కా, రోజూ పెరట్లో దీనికి విసరడం నేర్పింది మా పిల్లేగా. తప్పు కూడా అదే అంటుకుని ఉంటుంది" అంది తోడికోడలు దిగులుగా.

జట్టు ఓడిపోయింది.

మర్నాడు కొక్కిరాయి రెండు జతల బూట్లు పట్టుకొచ్చింది. "పెద్దమ్మా, వీటి ముక్కులకు మందం తోలు వేసిపెట్టు. ఇకనుంచి కాలు నేలకు రాస్తూ నేర్చుకుంటాం. ముందు బుజ్జిది కుట్టు, రాత్రంతా ఏడ్చింది పాపం."

పెద్దకోడలు తలెత్తలేకపోయింది. సూదిలోకి దారం ఎక్కిస్తూ, ఈ మంచితనమైనా తన కడుపున పుట్టినదానికి రాలేదే అని మళ్ళీ కుళ్ళుకుంది.