ఏకాదశినాటి సాక్షి

ఆ రోజుల్లో నాకు భక్తి, మీసం ఒకేసారి మొలిచాయి. రెండూ పల్చగానే ఉండేవి. అయినా రోజూ అద్దంలో చూసుకుని రెండింటికీ మురిసిపోయేవాణ్ణి. రాయపూర్ గూడ్సాఫీసులో కొత్త గుమాస్తాని. పెళ్ళి కాలేదు, పేకాట రాదు, హిందీ అంతంతమాత్రం. అలాంటివాడికి గురువు దొరక్కేం చేస్తాడు? రైల్వే క్వార్టర్లలో కొడుకు దగ్గరుంటున్న రిటైరైన హెడ్డుగుమాస్తాని అందరూ గీతాగుమాస్తా గారనేవారు (సర్వీసంతా ఒక్క ఫైలూ కదిలించని చేత్తో ఇప్పుడు మమ్మల్ని మోక్షం వైపు తోసేవారు). సాయంత్రాలు గీత వినడానికి ఆయన అరుగు మీద చేరే ఐదారుగురు ఆంధ్రా కుర్రాళ్ళలో నాకొక్కడికే 'పాత్రత' ఉందన్నారు. పొంగిపోయాను. స్టేషన్నించి ఆయన బియ్యం బస్తా మోసుకొచ్చేది కూడా నేనొక్కణ్ణేనన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఏకాదశినాడు శిష్యులు పొద్దు పొడిచింది మొదలు పొద్దుగుంకేదాకా మాట్లాడకూడదని ఆయన నియమం. "కలంతో వాగినా వాగుడే నాయనా" అని రాతని కూడా మాన్పించారు. (ఆ రోజు నేనేమీ రాయలేదని మా ఆఫీసులో ఎవరూ గమనించలేదు. మామూలు రోజుల్లో నేనెంత రాసేవాణ్ణో ఊహించుకోండి.) ఇంకో నియమం సత్సంగం. అంటే మా ఊరి నుంచే వచ్చి యార్డులో జెండా ఊపి, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేస్తున్న జెండా బావతో తిరగకూడదని. వాడు బీడీలు కాలుస్తాడు, పూజలో నవ్వుతాడు. వరస కలుపుకుని బావా అని పిలుచుకున్నవాళ్ళం. నేను కొంచెం కొంచెంగా వాణ్ణి తప్పించుకు తిరగడం మొదలుపెట్టాను.

అంతలో యార్డులో ఒక గూడ్సు పెట్టె పట్టాలు తప్పింది. జెండా బావ డ్యూటీలో నిద్రపోయాడని నేరం వాడి మీద పెట్టారు. వాడు నిద్రపోలేదు. ఎర్రజెండా ఊపుతూ గొంతు చించుకుని అరుస్తుంటే ఇంజన్ డ్రైవరే చూసుకోలేదు. ఆ వైపున్న మా ఆఫీసు కిటికీలోంచి అదంతా చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"రేపే విచారణ బావా. నువ్వొచ్చి ఉన్న మాట సెప్పీ. నా ఉజ్జోగం నిలబడిపోద్ది" అన్నాడు వాడు.

"రేపు ఏకాదశి బావా..." అని నసిగాను.

"మంచి రోజే కదేటి!" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

పరుగెత్తుకెళ్ళి గురువుగారినడిగాను. కళ్ళు మూసుకుని, "స్నేహితులు ఇవాళుంటారు, రేపు పోతారు. వ్రతం చెడితే మళ్ళీ రాదు. ఆ భగవంతుడే వాడికి సాక్ష్యం చెబుతాడు" అన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది. వెధవ ఒళ్ళు, దేనికైనా పులకరించేది!

మర్నాడు పెద్ద సాహెబు ఎదుట నిలబడ్డాను. "బోలో బాబూ, యే సో రహా థా క్యా?" అన్నాడు. నిద్రపోయాడా అని. తల అడ్డంగా ఊపాను. సైగలు సాక్ష్యం కింద చెల్లవు, నోటితో చెప్పమన్నాడు. రెండు చేతులూ జోడించి, ఆ తర్వాత వేలెత్తి ఆకాశం చూపించాను. "అచ్ఛా, భగవాన్ జానే?" అంటూ సాహెబు, దేవుడికే తెలుసని రాసుకున్నాడు. పక్కనుంచి బావ మెల్లిగా, "ఒక్క ముక్క బావా... ఒక్క ముక్క" అన్నాడు. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. అప్పుడు మాత్రం, ఆహా, ఎంత నిగ్రహం నాది, అనుకున్నాను.

ఆ మెచ్చుకోలు గురువుగారి నోట కూడా విందామని, పొద్దు గుంకకముందే ఆయనింటికి బయల్దేరాను. సందు మొదట్లోనే ఆయన గొంతు వినబడింది. "దూధ్ హై కి పానీ హై? చోర్ కహీఁ కా!" అని, పాలల్లో నీళ్ళు కలిపినందుకు పాలవాణ్ణి దులిపేస్తున్నారు. నేను నోరు తెరుచుకు నిలబడిపోతే నన్ను చూసి, ఏమాత్రం తొణక్కుండా, "గృహస్థుకి మినహాయింపు ఉంది నాయనా" అన్నారు.

మర్నాడు సాహెబు దగ్గరికి పరుగెత్తి నాకొచ్చిన హిందీ అంతా గడగడా ఒప్పజెప్పాను. ఆర్డరు అప్పటికే వెళ్ళిపోయిందన్నాడు. బావని తిల్దా స్టేషన్లో మంచినీళ్ళ కుండలు నింపే పనికి దించేశారు.

ఆదివారం ప్యాసింజరెక్కి తిల్దా వెళ్ళాను. వాడు కావిడి దించి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"నాను జెండా ఊపినాను, నువ్వు సూసినావు. ఆ ముక్క సెప్పీడానికి అడ్డమేటొచ్చింది నీకు? దేవుడొద్దన్నాడా, ఆ ముసలోడొద్దన్నాడా? ఇద్దరూ ఒకడే అనుకున్నావేటి, ఎర్రిమొకమా!"

గీతాగుమాస్తా గారు ఏడాదిలో చెప్పలేనిది వాడు ఒక్క తిట్టులో చెప్పేశాడు. తిట్టి తిట్టి అలిసిపోయాక అన్నం వడ్డించి, "తిను, బండికి టైమైపోద్ది" అన్నాడు. ఆ తర్వాత చాలా ఆదివారాలు వెళ్ళాను. నా పెళ్ళికి పందిరి వేయించింది కూడా వాడే. నా పూజ నేను మానలేదు, వాడు బీడీలు మానలేదు.

చాన్నాళ్ళకి వాడు రాయపూర్‌లోనే చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. కాగితం రాయించిన రోజు సాక్షి సంతకం కావాలన్నారు. వాడి పక్కనే ఉన్నాను కదా, కలం మూత తీసి సిద్ధంగా కూర్చున్నాను. బావ నన్నొకసారి చూసి, గుమ్మంలోంచి పక్కింటి తాపీమేస్త్రీని కేకేశాడు.

"నువ్వు టీ తాగు బావా" అన్నాడు నాతో, ఎంతో ప్రేమగా. కలానికి మూత పెట్టేసి, నవ్వుకుంటూ తాగాను.