మోటారు సైకిలుకి కాపడం

నా చిన్నప్పుడు మా ఊళ్ళో దోమలు పిచ్చుకలంత ఉండేవి. నేనిలా మొదలుపెట్టగానే మా ఇంట్లోవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారు. అందుకని మీరు కూడా లేవకముందే ఒప్పేసుకుంటున్నాను. గోరంత దొరికితే కొండంత చేయడం నా అలవాటు. ఇది నా తప్పు కాదు, మా కోనసీమ నేల గుణం. ఇక్కడ కొబ్బరికాయ పాతితే చెట్టవుతుంది, మాట పాతితే కథవుతుంది. ఎక్కడికక్కడ మీరే తగ్గించుకుని చదువుకోండి. ఇందులో నేను అచ్చంగా కల్పించింది ఏమిటో చివర్లో నేనే చెబుతాను.

మా తాతయ్య మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మా నాయనమ్మ మిషన్ ఆస్పత్రిలో పెద్ద నర్సుగా చేసింది. ఊరంతా ఆవిణ్ణి సిస్టరమ్మగారు అనేవారు. ఆవిడ వార్డులోకి వస్తోందంటే జ్వరాలు వాటంతటవే దిగిపోయేవని చెప్పుకునేవారు. జ్వరాల సంగతి నాకు తెలియదు గాని, ఆవిడ వీధి అరుగు మీదకి వస్తే కుక్కలు కూడా వరసలో కూర్చోవడం నేను కళ్ళారా చూశాను. తాతయ్యని ఆవిడ మేస్టారూ అనేది. ఆయన ఆవిణ్ణి సిస్టరమ్మా అనేవారు. కాపురం చేసినన్నాళ్ళూ బడీ ఆస్పత్రీ మాట్లాడుకున్నట్టే ఉండేది.

తాతయ్యకి ఒక మోటారు సైకిలు ఉండేది. అది మా ఊళ్ళో స్టార్టయితే ఐనవిల్లిలో కొబ్బరికాయలు రాలేవి. దాని పొగకి, ఇందాక చెప్పిన పిచ్చుకలంత దోమలు గోదారి దాటి వలసపోయేవి. రోజూ తెల్లవారుతూనే తాతయ్య నన్ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని ఏటిగట్టు మీదుగా గట్టు కింది పేటకి వెళ్ళేవారు. అక్కడి ప్రార్థన మందిరంలో, పొలం పనులకి పోయే పిల్లలకి, వాళ్ళు పనిలోకి వెళ్ళకముందే అక్షరాలు దిద్దించేవారు. ఆ పిల్లలకి గంట లేదు, గడియారం లేదు. బండి చప్పుడు వినబడితే బడి ఉన్నట్టు, వినబడకపోతే లేనట్టు.

క్రిస్మస్ నెల మొదలయ్యేసరికి ఆ బండికి ఒక వింత జబ్బు పట్టుకుంది.

క్లచ్చు అంటే తెలియనివాళ్ళ కోసం ఒక మాట. అది ఇంజనుకీ చక్రానికీ మధ్య ఉండే పెద్దమనిషి. వాళ్ళిద్దరినీ కలపనూ గలడు, విడదీయనూ గలడు. ఎడమచేతి దగ్గరున్న లీవరు నొక్కితే ఇంజను దారి ఇంజనుది, చక్రం దారి చక్రానిది. ఆ కాస్త సందులోనే గేరు మార్చుకోవాలి. పెద్దమనిషి సగం సగం విడదీస్తే లోపల గేరు పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి.

మా బండి లోపల సరిగ్గా అదే యుద్ధం. పొద్దున్నే లీవరు ఇనపకడ్డీలా బిగుసుకుపోయేది. తాతయ్య పళ్ళు బిగపట్టి నొక్కినా సగమే వచ్చేది. గేరు వేస్తే ఊరి చివరిదాకా వినబడేలా కర్రుమనేది, ఆ వెంటనే తాడు తెంపుకున్న దూడలా బండి ముందుకి ఎగిరేది. ఒకరోజు అలా ఎగిరి గట్టు దిగి, మా ఇద్దరినీ తీసుకెళ్ళి కాలవలో బాతుల మధ్య కూర్చోబెట్టింది. ఆ బాతులు ఆ తరవాత మూడు తరాల పాటు మోటారు చప్పుడు వింటే గుడ్లు పెట్టలేదు.

బాబాయి బండిని అమలాపురం తీసుకెళ్ళాడు. మా బాబాయి కబడ్డీ ఆటగాడు. కూతకి వెళ్ళాడంటే అవతలి జట్టుని మొత్తం సంకలో పెట్టుకుని వచ్చేవాడు. అతను స్నానం, టిఫినూ అయ్యి అమలాపురం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అక్కడ లీవరు వెన్నముద్దలా దిగింది. మెకానిక్కు బజారు చుట్టూ ఒక తిప్పు తిప్పి తెచ్చి, "బంగారంలాంటి బండండీ బాబూ. ఆయ్, పెద్దాయనకి చెయ్యి పట్టు తగ్గిందేమో చూసుకోండి" అన్నాడట.

ఆ ఒక్కమాట మా ఇంటికొచ్చి మూలన కూర్చుంది.

బాబాయికి మనసొప్పక తనే వైద్యం మొదలుపెట్టాడు. తాతయ్య కష్టపడి నొక్కక్కర్లేకుండా ఉంటుందని లీవరు నించి క్లచ్చుకి పోయే కేబులు మర బిగించాడు. ఇంకొంచెం బిగించాడు. దాంతో కొత్త జబ్బు వచ్చింది. మధ్యాహ్నం ఎండలో ఇంజను పులిలా గర్జించేది, బండి మాత్రం కదిలేది కాదు. లోపల మాడిపోతున్న వాసన. ఒకసారి గడ్డిమోపుల ఎద్దుబండి మమ్మల్ని దాటి వెళ్ళింది. ఇంకోసారి అలాంటి గడ్డిమోపు మీద కూర్చున్న కాకి మమ్మల్ని జాలిగా చూసింది.

ఇక బాబాయి నిశ్చయానికి వచ్చేశాడు. బండి అమ్మేయాలి. కొత్తపేట నుంచి ఒకాయన ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి చూసుకుంటానన్నాడు. శుక్రవారం సాయంత్రం భోజనాల దగ్గర బాబాయి ఆ మాట చెప్పాడు.

"మీరంటే గౌరవం లేక కాదండీ నాన్నగారూ. మొన్న కాలవలో నీళ్ళు మోకాలు లోతే కాబట్టి సరిపోయింది. చిన్నపిల్లాణ్ణి కూడా ఎక్కించుకుంటున్నారు. రేపేదన్నా జరిగితే?"

బడిలో పదిమందిని పది ప్రశ్నలడిగే తాతయ్య "ఆయ్" అన్నారు. అంతే. ఎడమచెయ్యి కండువా కిందకి పోయింది. ఆ వారమంతా నూతి దగ్గర ఆయన తడి తువ్వాలు చుట్టి, ఎవరూ చూడట్లేదనుకుని, దాన్ని నొక్కి వదిలి నొక్కి వదిలి చేయడం నేను చూశాను. ఏం చేస్తున్నారని నేను అడగలేదు. అడగగూడదని పిల్లాడికి కూడా తెలిసిపోయే పనులు కొన్ని ఉంటాయి.

మజ్జిగ పోస్తున్న నాయనమ్మ గరిటె ఆపింది.

"పేషెంటుని చూడకుండా ఎక్కడికి పంపుతార్రా? రేపు పొద్దున్న నేను చూస్తాను."

"అమ్మా, అది బండే!"

"అయితే ఏం? మూలుగుతోందా లేదా?"

మర్నాడు మంచు ఇంకా కొబ్బరాకుల మీదుండగానే నాయనమ్మ పాత తెల్లచీర కట్టుకుని, గుండెల మీద గడియారం పిన్ను చేసుకుని, బండి ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. తాతయ్యని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుని, "చల్లగా ఉంది, ఎండ వచ్చేదాకా కండువాలో పెట్టుకోండి" అంది. ఆ తరవాత బాబాయి వైపు తిరిగింది. బండికి మాటలు రావు కాబట్టి దాని తరఫున అతను జవాబు చెప్పాలి.

ఎప్పట్నించి వచ్చింది? చలి మొదలైనప్పట్నించి. ఏ వేళకి వస్తోంది? తెల్లవారుజామున. ఎండెక్కితే? తగ్గిపోతోంది. అమలాపురం ఏ వేళకి తీసుకెళ్ళేవు? మధ్యాహ్నం.

"చలిజ్వరం పొద్దున వచ్చి దిగిపోయేవాణ్ణి మధ్యాహ్నం డాక్టరుకి చూపిస్తే, ఏమీ లేదనే చెప్తాడు" అంది నాయనమ్మ. "సరే, నువ్వు నొక్కు."

"నేనా?"

"నువ్వే. రోజూ మేస్టారు నొక్కే వేళ ఇది. ఇప్పటిదాకా ఈ వేళప్పుడు నువ్వు దీన్ని ముట్టుకున్నావా? నిద్రపోతున్నావు కదా!"

బాబాయి నవ్వుతూ లీవరు పట్టుకున్నాడు. నవ్వు పోయింది. మొహం ఎర్రబడింది, తరవాత వంకాయ రంగుకి తిరిగింది, మెడ మీద నరాలు కొబ్బరితాళ్ళలా లేచాయి. అవతలి జట్టుని సంకలో పెట్టుకొచ్చే ఆ చేతికి లీవరు సగమే వచ్చింది. అరుగు మీద తాతయ్య తల ఎత్తారు. ఆ ఎత్తడం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

నాయనమ్మ లోపలికి వెళ్ళి వేణ్ణీళ్ళ గిన్నే, గుడ్డా తెచ్చింది. గుడ్డ ముంచి, పిండి, హేండిలు దగ్గర్నించి ఇంజను దాకా కేబులు పొడుగునా, బెణికిన కాలికి పెట్టినట్టు, శ్రద్ధగా కాపడం పెట్టింది. దారిన పోయేవాళ్ళు ఆగిపోయారు. పాలబ్బాయి కేను కింద పెట్టేశాడు. మోటారు సైకిలుకి కాపడం పెట్టించుకున్న ఊరు ప్రపంచంలో మాదొక్కటే.

"ఇప్పుడు నొక్కు."

లీవరు మెత్తగా మొత్తం దిగింది.

నాయనమ్మ కాపడం అందని కేబులు చివర వేలితో నొక్కింది. ఇసకా మట్టీ కలిసిన తెల్లటి ముద్ద బయటికి వచ్చింది. వాసన చూసింది. ఇంట్లోకి వెళ్ళి తలనూనె సీసా తెచ్చి, మూత తీసి, అందరి ముందూ తలకిందులు చేసి పట్టుకుంది. ఒక్క చుక్క పడలేదు. చలికి కొబ్బరినూనె రాయిలా పేరుకుపోయింది.

"మేస్టారూ, దీనికి తలంటేరా?"

తాతయ్య కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "వర్షాల్లో లీవరు కీచుమంటుంటే... తుప్పు పట్టకుండా రోజూ కాస్త పోసేను సిస్టరమ్మా. బాగా పనిచేసింది."

ఎందుకు చేయదు? వర్షాకాలం ఉక్కలో కొబ్బరినూనె నీళ్ళలా పారుతుంది. ఆయన్నని ఏం లాభం. కోనసీమలో పుట్టినవాడికి ప్రపంచంలో ద్రవాలు రెండే, గోదారి నీళ్ళూ కొబ్బరినూనే. జుట్టుకి అదే, ఒంటికి అదే, తలుపు బందుకి, కుట్టుమిషనుకి, బెణుకుకి అదే. మోటారు సైకిలొక్కటే ఏం పాపం చేసిందని ఆయన అనుకుని ఉంటారు. ఇలాంటి తప్పు ఎడారిలో పుట్టినవాడు చేయమన్నా చేయలేడు.

"మరి మధ్యాహ్నం జారిపోతోందేంటమ్మా?" అన్నాడు బాబాయి.

"పొద్దున్నది జబ్బు. మధ్యాహ్నానిది నీ వైద్యం" అంది నాయనమ్మ. "కేబులు లాగి కట్టేస్తే క్లచ్చు ఎప్పుడూ కాస్త నొక్కినట్టే ఉంటుంది. పట్టు దొరక్క జారుతుంది. ముందు నువ్వు బిగించింది విప్పు."

ఇంజను సంగతి ఆవిడకెలా తెలుసని అడక్కండి. ఆవిడ ముందురోజు రాత్రే తాతయ్య పెట్టెలోంచి బండి పుస్తకం తీసి చదివిందని తరవాత తెలిసింది. పేషెంటు దగ్గరికి ఊరికే వెళ్ళే మనిషి కాదు.

ఆ తరవాత అసలు వైద్యం. బాబాయి కేబులు ఊడదీసి కిరసనాయిలుతో కడిగాడు. నాయనమ్మ దాన్ని దండేనికి నిలువుగా వేలాడదీయించి, పైకొసకి కాయితం గరాటా కట్టి, అసలైన ఇంజనాయిలు చుక్కా చుక్కా దిగేలా పెట్టింది. అచ్చం సెలైనే. కింది కొసలోంచి శుభ్రమైన నూనె చుక్క వచ్చేదాకా గడియారం చూస్తూ కూర్చుంది. మళ్ళీ బిగించేటప్పుడు లీవరు మొదట్లో చింతగింజ దూరేంత వదులు ఉంచమంది. "ఊపిరి తీసుకోడానికి ఆ మాత్రం చోటు ఎవరికైనా ఉండాలి" అంది.

పని అయ్యాక, ఊరివాళ్ళు వింటుండగా, "మేస్టారి చేతిలో ఏ లోపమూ లేదు. లోపమంతా కేబులులోనే" అని తీర్పు చెప్పింది.

ఆదివారం కొత్తపేట ఆయన వచ్చేసరికి తాతయ్య బండి మీద ఉన్నారు. గేరు పడిన చప్పుడు చీమ తుమ్మినంత కూడా లేదు. బండి ఆ పెద్దమనిషి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి ఏటిగట్టెక్కి వెళ్ళిపోయింది. బాబాయి ఆయనకి ఆత్రేయపురం పూతరేకులు పెట్టి, బండి అమ్మడం లేదండీ అని చెప్పి పంపించాడు. ఆయన తిన్న పూతరేకులు పరిస్తే రామచంద్రపురం దాకా వచ్చేవి. క్రిస్మస్‌నాడు పేట పిల్లలు బండి చప్పుడు విని గట్టెక్కి ఎదురొచ్చారు.

ఇక ఒప్పుకోలు. బాతులు, కాకి, పూతరేకులు... ఇవన్నీ సాగదీసినవే గాని కల్పించినవి కావు. కాపడం నిజం, సెలైను నిజం. కల్పించింది ఒక్క మాటే. "మేస్టారి చేతిలో ఏ లోపమూ లేదు" అని మా నాయనమ్మ అనలేదు. ఆవిడ పేషెంట్ల గురించి అబద్ధం ఆడేది కాదు. ఆ పొద్దున అరుగు మీద ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడే ఆవిడకి తెలిసింది. పట్టు నిజంగానే కొంచెం తగ్గింది. వేళ్ళు కొద్దిగా వణుకుతున్నాయి. ఆవిడ ఆ రోజు కనిపెట్టింది రెండు జబ్బులు, బయటికి చెప్పింది ఒకటే.

రెండోదానికి వైద్యం మాటల్లో చేయలేదు. ఆ సోమవారం నించి, "పేటలో ఆడవాళ్ళని చూసి రావాలి" అంటూ తెల్లవారుజామునే బండి వెనక ఎక్కి కూర్చునేది. నన్ను ట్యాంకు మీంచి దింపేసింది, చదువుకోవాలని సాకు చెప్పి. బయల్దేరే ముందు, కేబులు దగ్గరికి రాకుండా నిషేధించిన ఆ కొబ్బరినూనెనే నిప్పుల దగ్గర కరిగించి, ఆయన ఎడమచేతికి వేలు వేలుకీ మర్దనా చేసేది. కొన్నేళ్ళు అలాగే నడిచింది. ఒక పొద్దున తాతయ్యే తాళం తెచ్చి బాబాయి చేతిలో పెట్టి, "ఇక నువ్వు తీసుకెళ్ళరా మమ్మల్ని" అన్నారు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నా దగ్గర ఏది మొరాయించినా, మనిషైనా మిషనైనా, ముందు ఏ వేళప్పుడు అని అడుగుతాను. బాగుచేయగలిగిన లోపం కనబడితే గట్టిగా చెబుతాను. బాగుచేయలేనిది కనబడితే నూనె వేడి చేసుకుంటాను. ఈ ముక్కలో మాత్రం మీరేమీ తగ్గించుకోనక్కర్లేదు.