మేనత్త నోటి సాక్ష్యం

పేరుకు ముందు నేను డాక్టరని రాసుకోను. ప్రొద్దుటూరు కాలేజీలో తోటివాళ్ళు అది వినయమనుకుంటారు. వినయం, నా మొహం!

నేను పరిశోధన చేసింది అక్షరం మీద. రాసే అక్షరం కాదు. మాట పలికేటప్పుడు నోరు దాన్ని ఏ ముక్కలుగా విరుస్తుందో, ఆ ముక్క. ధ్వనుల నియమాలు సగం దాని మీదే నిలబడతాయి. అది ఎక్కడ తెగుతుందో చెప్పాల్సింది పుస్తకం కాదు, మాట్లాడే మనిషి. నాకు దొరికిన మనిషి, జమ్మలమడుగులో మగ్గానికి కండెలు చుట్టే మా మేనత్త. తల్లిలేని నన్ను సాకింది ఆమే. బడి మొహం చూడలేదు.

'వస్తాండా' అన్న మాటిస్తే, నూలు చుట్టే రాట్నం ఆపి, దాని చెక్క మీద అరచేత్తో తడుతూ దెబ్బకొక ముక్క పలికింది. "వస్. తాం. డా." రాతలో సకారం తకారాన్ని అంటుకుని ఉంటుంది. ఆమె నోట్లో అది ముందు ముక్కకే పోయింది. ఎన్ని మాటలిచ్చినా అంతే, ఒక్కసారీ తడబడలేదు.

"ఇంతేనా? దీనికా నువ్వు ఇన్నేండ్లు సదివేది?" అని నవ్వింది. "నా మాట పుస్తకంలో ఏస్తావేందిరా?"

"ఏస్తాలే అత్తా" అన్నాను.

కోస్తా నుంచి వచ్చిన మా గైడు ఆ రికార్డింగు విని మొహం చిట్లించాడు. "ఇది మోటు మాటండీ. చదువుకున్నవాళ్ళని తీసుకురండి." పులివెందులలో ఒక పంతులుగారిని పట్టుకున్నాను. ఆయన రాత కళ్ళముందు పెట్టుకున్నట్టు "వ. స్తు. న్నా" అని విడగొట్టాడు. గైడు మురిసిపోయాడు. చదువులేనివారికి మాటను విడగొట్టే శక్తి లేదని కూడా ఒక వాక్యం చేర్చమన్నాడు. చేర్చాను. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. పట్టా కావాలి, రాశాను. అంతే.

అట్ట వేసిన పుస్తకం తీసుకుని పోతే, మేనత్త చేతులు కడుక్కొని వచ్చి ముట్టుకుంది. "నేను యాడుండా? సూడుమే" అని, ఇంటర్ చదివే మనవరాలి చేతికిచ్చింది. నేను లాక్కునేలోపే ఆ పిల్ల జమ్మలమడుగు అన్న పేరున్న పుట పట్టుకుని, ఆ వాక్యాన్ని గట్టిగా చదివేసింది.

మేనత్త లేచి వంటింట్లోకి పోయింది. తిట్టినా బాగుండేది, ఆమె తిట్లు వీధికంతా తెలుసు. అన్నం పెట్టి పంపింది.

మళ్ళీ నెలకు పోయాను. గడప దగ్గరే నిలబడి, టీవీలో వార్తలు చదివేవాళ్ళలాగా, కూడబలుక్కుంటూ అంది: "రండి. కూర్చోండి. బాగున్నారా?"

మనవరాలితో, పక్కింటివాళ్ళతో ఎప్పటి మాటే. నాతో మాత్రం ఇప్పటికీ అట్లాగే మాట్లాడుతుంది.