రైట్ అన్నాకే కదిలే బండి

నవంబరు పదకొండు, మంగళవారం. కాలేజీకి బయలుదేరి వీధిలోకి వచ్చేసరికి ఎదురింటి గేటు బార్లా తెరిచి ఉంది. ఆ వేళకు దానికి బయటి నుంచి గొళ్లెం పెట్టి ఉండాలి. పెద్దమ్మ పాలకేంద్రానికి పోతూ పెట్టిపోయేది. ఆశ్చర్యపోయి లోపలికి చూశాను. వరండాలో పెద్దమ్మ కూర్చుని ఉంది, పక్కన ఖాళీ పాలక్యాను.

"మీ పెద్దనాయిన పోయిండు బిడ్డా," అంది.

ఆయన మాకు చుట్టం కాదు. బస్సు డ్రైవరుగా చేసి, రిటైరై, కొత్తకోటలోనే ఉండిపోయిన మనిషి. వాడకట్టంతా డ్రైవర్ సాబ్ అనేది. నేను పెద్దనాయినా అనేదాన్ని. మీలో ఎవరైనా ఆయన్ని మా బస్టాండులో చూసి ఉంటే కోపిష్ఠి అనుకొని ఉంటారు. జబ్బు ఆయన ముఖాన్ని బిగించేసింది. జోకు వేసి, ఎదుటివాళ్లు నవ్వకపోతే, "నేను నవ్విన. కనవడ్తలేదా?" అని అడిగేవాడు.

పార్కిన్సన్స్ అని పాలమూరు దవాఖానలో చెప్పిన కొత్తలో చేతుల వణుకు పెద్దగా లేదు. కాళ్లే మొండికేసేవి. బాగా నడుస్తున్నవాడు గడప దగ్గరో గేటు దగ్గరో నిలిచిపోయేవాడు. పాదాలు నేలకు అతుక్కుపోయేవి. "ఇంజను నడుస్తాంది, గేరు పడ్తలేదు," అనేవాడు. ఒకసారి అట్లా అతుక్కున్న కాలిని లాగబోయి వీధిలో బోర్లాపడ్డాడు. ఆ రోజు నుంచే గేటుకు గొళ్లెం. తుంటి విరిగితే మనిషి మళ్లీ లేవడని పెద్దమ్మ భయం. "తోడు లేకుంట గేటు దాటొద్దు," అని తేల్చి చెప్పింది.

డాక్టరేమో నడక మానొద్దన్నాడు. బస్టాండులో పాత దోస్తులతో పొద్దుటి చాయ తాగకపోతే పెద్దనాయినకు తెల్లవారినట్టే ఉండదు. ఆయన గేటు ఊచలు పట్టుకుని, పోయే బస్సుల హారన్లు వింటూ నిలబడేవాడు. అది చూడలేక, వనపర్తి బస్సుకు నేనెట్లాగూ పోతాను కదా, తోడు తీసుకుపోతానని పెద్దమ్మను అడిగాను. "కింద వడితే నువ్వే జవాబు జెప్పాలె," అని ఒప్పుకుంది.

మొదటి రోజే, గొళ్లెం తీశాక, ఆయన గేటు మధ్యలో ఆగిపోయాడు. చెయ్యి పట్టి లాగితే ఇంకా బిగుసుకున్నాడు. బస్సు టైమవుతోంది. ఏం చేయాలో తోచక, బస్సు కండక్టరులా "రైట్ రైట్" అన్నాను.

కుడికాలు లేచింది. దాని వెనక ఎడమది. మూల మలుపు దాకా ఆగకుండా నడిచి, అప్పుడు నా వైపు తిరిగాడు.

"ఏమన్నవ్?"

"ఏం లే పెద్దనాయినా, ఊకనే అన్న."

"ఊకనే గాదు. నన్ను డ్యూటీ ఎక్కిచ్చినవ్."

ఆ తర్వాత రోజూ అదే. బజారు మధ్యలో ఆడపిల్ల "రైట్ రైట్" అని అరవడం ఎంత సిగ్గో! సైకిల్ షాపాయన, "ఏం కండక్టరమ్మా, బండి ఓవర్‌లోడా?" అని ఆటపట్టించేవాడు. "టికెట్ తీసినోనికే జవాబు," అనేవాడు పెద్దనాయిన, ముఖంలో ఏ కదలికా లేకుండా.

నాకు పరీక్షలు దగ్గరపడి, కాలేజీ సెలవులొచ్చినప్పుడు, "నేను రానినాడు నువ్వే రైట్ అనుకో," అన్నాను.

"డ్రైవరు తనకు తాను రైట్ చెప్పుకుంటడా? ముందల సూసెటోడు ఒకడు, ఎనక సూసెటోడు ఒకడు. ఇద్దరి పని ఒక్కడు జేస్తె బండి బోల్తా పడ్తది."

నిఘంటువులో రైట్‌కు ఒప్పు, కుడి, హక్కు అని అర్థాలున్నాయి. 'వెనక నేను చూశాను, నువ్వు పోవచ్చు' అన్న అర్థం లేదు. అది నేను పెద్దనాయిన దగ్గర నేర్చుకున్నాను.

గొంతు సన్నబడుతోందని, రోజూ గట్టిగా మాట్లాడమని డాక్టరు చెప్పాడు. ఏం మాట్లాడాలో తెలియక ఆయన సాయంత్రాలు వరండాలో కూర్చుని తన రూటు చదివేవాడు: కొత్తకోట, అడ్డాకుల, మూసాపేట, భూత్పూర్, పాలమూర్. పుస్తకం ముందు పెట్టుకుని నేను ఆ పేర్లే వినేదాన్ని. ఒక సాయంత్రం పాలమూర్ అయ్యాక కాసేపు గేటు వైపు చూసి, బొంగురు గొంతుతో "రైట్" అన్నాడు. లేచి నడిచాడు. నీళ్ల బిందెతో వస్తున్న పెద్దమ్మ ఆగిపోయింది. బిందె దించి, గేటు తీసి, మూల దాకా ఆయన వెనకే నడిచింది. తిరిగొచ్చాక మళ్లీ గొళ్లెం పెట్టింది. "ఇయ్యాల కాళ్లు మాట ఇన్నయి. రేపు ఇంటయని ఏం గ్యారంటీ?" అంది.

ఆమె అన్నదీ నిజమే. కొన్నిరోజులు నేను ఎన్నిసార్లు రైట్ అన్నా కాలు లేచేది కాదు. "ట్రాఫిక్ జామ్," అనేవాడు. ఇద్దరం వీధి మధ్యలో అట్లాగే నిలబడేవాళ్లం. ఆయన కళ్లు మాత్రం బస్టాండు వైపే ఉండేవి.

చివరికి నిమ్ము చేసి మంచాన పడ్డాడు. మాట పెదవుల దగ్గరే ఆగిపోయేది. చనిపోయే ముందు రోజు పొద్దున గొళ్లెం తీసి లోపలికి పోయి మంచం పక్కన కూర్చున్నాను. ఏదో అంటున్నాడని చెవి దగ్గర పెట్టాను.

"నీ బస్సు పోతది. రైట్."

డ్రైవరు చెప్పకూడని మాట, నాకోసం చెప్పాడు. లేచి బస్సుకు పోయాను.

దినాలు అయిపోయాయి. గేటు ఇప్పుడు తెరిచే ఉంటోంది. పెద్దమ్మ మాత్రం వీధిలోకి రావడం లేదు. పాలు పక్కింటివాళ్లు కేంద్రానికి తీసుకుపోతున్నారు. ఇవాళ సాయంత్రం క్యాను పట్టుకుని గేటు దాకా వచ్చి, గొళ్లెం మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

"గీడనే నిలవడి సూస్తుండె బిడ్డా. నేను బయట్నుంచి పెట్టి పోతుంటి. ఇప్పుడు నా కాళ్లు గూడ ఇంటలేవు."

నేను చెయ్యి పట్టి లాగలేదు. లాగితే ఇంకా బిగుసుకుంటారని నాకు తెలుసు. "పొద్దుగాల వస్త, క్యాను పట్కొని తయారుండు పెద్దమ్మా," అని వచ్చేశాను.

రేపు కాస్త ముందే బయలుదేరాలి. ఆమె గేటు దాకా వచ్చాక వెనక నిలబడి, వాడకట్టంతా విన్నా సరే, గట్టిగా రైట్ రైట్ అనాలి.